తొలి లిపి, మలి భాష: తెలుగు పాఠకుల పరభాషా పఠన చరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

మాతృభాషలో నేర్చుకున్న లిపి పాఠకునిలో కొన్ని పఠన అలవాట్లను స్థిరపరుస్తుంది. అతడు మరొక భాషను చదవబూనినప్పుడు ఆ అలవాట్లు అతని వెంట వస్తాయి. తెలుగు పాఠకులు సంస్కృతం, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు భాషలను చదివిన తీరులోనూ, తమిళ లిపి ద్వారా తెలుగును చదివినవారి అనుభవంలోనూ ఈ అంశాన్ని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉచ్చారణ దోషాలుగా లెక్కకు వచ్చినవాటిలో కొన్ని చెవి వల్ల, కొన్ని కంటి వల్ల కలిగినవని, ఈ రెంటినీ వేరుచేసి చూడవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: లిపి, అక్షరం, పఠనం, ద్వితీయ భాష, ఉచ్చారణ, ఆదాన పదాలు, తలకట్టు

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘చదువు’ అనే మాటకు విద్య అనీ, పఠనం అనీ రెండర్థాలున్నాయి. ‘చదువు వచ్చినవాడు’ అంటే అక్షరాలు కూడబలుక్కొని పలకగలిగినవాడు కావచ్చు, శాస్త్రం తెలిసినవాడూ కావచ్చు. పలకగలగడానికీ గ్రహించగలగడానికీ మధ్య ఉన్న దూరం ఈ ఒక్క మాటలో కనబడకుండా పోతుంది. మాతృభాషలో ఆ దూరం తక్కువ కనుక దానివల్ల పెద్ద చిక్కు రాదు. పరభాష చదివేటప్పుడు మాత్రం ఆ దూరమే ప్రధాన సమస్య అవుతుంది.

లిపి స్వభావం పఠనాన్ని ఎట్లా ప్రభావితం చేస్తుందన్న ప్రశ్నను మనోభాషాశాస్త్రజ్ఞులు నాలుగైదు దశాబ్దాలుగా చర్చిస్తున్నారు. 1992లో కాట్జ్, ఫ్రాస్ట్ అనే పరిశోధకులు ‘లిపి లోతు’ అనే భావనను సూత్రీకరించారు. రాతకూ పలుకుకూ సంబంధం సూటిగా ఉన్న లిపులు లోతు తక్కువవి. వాటిలో పాఠకుడు అక్షరాల నుంచి నేరుగా ధ్వనిని నిర్మించుకుంటాడు. ఆ సంబంధం మెలికలు తిరిగినచోట అతడు పదం మొత్తాన్ని జ్ఞాపకంలోంచి తెచ్చుకోవడంపై ఎక్కువగా ఆధారపడతాడు. మొదటి లిపిలో అలవడిన ఈ పద్ధతి రెండో భాషలోకి కూడా పాకుతుందని కెయికో కోడా పరిశోధనలు వాదించాయి. వాంగ్, కోడా, పెర్ఫెట్టి 2003లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. ఇంగ్లీషు నేర్చుకుంటున్న కొరియన్లు, చైనీయులు ఇంగ్లీషు పదాలను గుర్తించడంలో చేసిన పొరపాట్లను ఆ ముగ్గురూ పోల్చారు. ధ్వనిలిపికి అలవాటుపడిన కొరియన్లను ఒకేలా వినిపించే పదాలు ఎక్కువగా తికమక పెట్టాయి. పదలిపికి అలవాటుపడిన చైనీయులను ఒకేలా కనిపించే పదాలు ఎక్కువగా తికమక పెట్టాయి. చదువుతున్నది ఒకే భాష, ఒకే పదాలు; తొలి లిపులే వేరు.

ఈ సిద్ధాంతాలు ప్రయోగశాలల్లో రూపుదిద్దుకున్నవి. తెలుగువారి పఠన చరిత్ర వీటిని పరీక్షించుకోవడానికి తగిన క్షేత్రం. ఒకే అక్షరసంప్రదాయంలో పెరిగిన పాఠక సమాజం వేర్వేరు కాలాల్లో, వేర్వేరు రాజకీయ కారణాల వల్ల, స్వభావరీత్యా వేర్వేరైన లిపులను ఎదుర్కొంది. ఈ వ్యాసంలో ఆ భాషలను కాలక్రమంలో కాక, తెలుగు లిపికి ఎంత దగ్గర, ఎంత దూరం అన్న క్రమంలో పరిశీలిస్తున్నాను.

2. తెలుగు లిపి నేర్పే నమ్మకాలు

పీటర్ డేనియల్స్ 1990లో లిపులను వర్గీకరిస్తూ, భారతీయ లిపులను రోమన్ వంటి వర్ణలిపుల నుంచీ అరబ్బీ వంటి హల్లు ప్రధాన లిపుల నుంచీ వేరుచేశాడు. మన లిపిలో హల్లు మీద అచ్చు గుర్తు చేరి ఒక అక్షరమవుతుంది. రోమన్ లిపిలో ‘క’, ‘అ’ ధ్వనులు పక్కపక్కన నిలబడిన రెండు గుర్తులు. తెలుగులో అవి కలిసి ఒకే ఆకారం. పలక మీద దిద్దినా, గుణింతం వల్లించినా పిల్లవాడికి అందే యూనిట్ అక్షరమే. సోనాలి నాగ్ 2007లో కన్నడ పిల్లల మీద ప్రచురించిన అధ్యయనం, ఇటువంటి లిపిలో అక్షరజ్ఞానం పూర్తికావడానికి కొన్నేళ్లు పడుతుందని చూపింది. కన్నడ, తెలుగు లిపులు ఒకే మూలం నుంచి విడివడ్డవి కాబట్టి ఆ నిర్ధారణ మనకూ ఉపకరిస్తుంది.

ఇంత దీర్ఘమైన సాధన పాఠకునిలో మూడు నమ్మకాలను నాటుతుంది. మొదటిది, రాసిన ప్రతి అక్షరమూ పలుకుతుంది. రెండవది, ఒక ధ్వనికి ఒక అక్షరమే ఉంటుంది. మూడవది, అచ్చు ఎప్పుడూ కంటికి కనబడుతుంది. ఈ మూడో నమ్మకానికి తెలుగు లిపిలో ప్రత్యేకమైన ఆధారముంది. దేవనాగరిలో హల్లులోని ‘అ’కారానికి విడిగా గుర్తు లేదు. తెలుగులో చాలా హల్లులకు తలకట్టు ఉంది. పొల్లు పెట్టినా, గుడి ఇచ్చినా తలకట్టు తొలగిపోతుంది. ఖ, జ, బ వంటి కొన్ని అక్షరాలకు తలకట్టు లేకపోయినా, ‘అ’కారాన్ని కూడా కంటితో చూసే అలవాటు తెలుగు పాఠకుడికి బాల్యంలోనే ఏర్పడుతుంది.

ఇవి నమ్మకాలే కాని సంపూర్ణ సత్యాలు కావు. ‘చాప’లోని చకారం, ‘చీమ’లోని చకారం ఒకే విధంగా పలకవు, అయినా నేటి ముద్రణలో రెంటికీ ఒకే అక్షరం. ‘బ్రహ్మ’ అని రాసి ‘బ్రమ్హ’ అని పలుకుతాం. పూర్వపు రాతలో ఈ వ్యత్యాసం మరింత ఉండేది. కాలక్రమాన అరసున్న రాతలో నిలిచి పలుకులో పోయింది. శకటరేఫకూ సాధురేఫకూ ఉచ్చారణలో తేడా చెరిగిపోయినా కవులు వాటి ప్రయోగాన్ని గుర్తుంచుకోవలసి వచ్చింది. అంటే గ్రాంథిక లేఖనం నేటి తెలుగు కంటే ‘లోతైన’ లిపివ్యవస్థ. ఇరవయ్యో శతాబ్దంలో గిడుగు రామమూర్తి మొదలైనవారి వ్యావహారిక భాషోద్యమం ఫలించి, అచ్చులో అరసున్నా శకటరేఫా క్రమంగా తెరమరుగయ్యాయి. వ్యావహారికోద్యమాన్ని మనం శైలీ సంస్కరణగా చదువుతున్నాం. అది తెలుగు లిపి లోతును తగ్గించిన సంస్కరణ కూడా. పై మూడు నమ్మకాలు నేటి పాఠకుడిలో తన తాతలనాటి పాఠకుడి కంటే గట్టిగా ఉండటానికి ఇది ఒక కారణమని నా అభిప్రాయం.

3. సంస్కృతం: లిపి ఒకటే, భాష వేరు

నేడు సంస్కృతమనగానే దేవనాగరి గుర్తుకు వస్తుంది. తెలుగునాట సంస్కృతం శతాబ్దాల పాటు స్థానిక లిపిలోనే నడిచింది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో చాలావాటి భాష సంస్కృతం, లిపి నాటి తెలుగు–కన్నడ లిపి. తాళపత్ర గ్రంథాల కాలంలోనూ అదే పద్ధతి. అచ్చు వచ్చాక మద్రాసులోని వావిళ్లవారి వంటి ప్రచురణ సంస్థలు సంస్కృత కావ్యాలను, శాస్త్రాలను, స్తోత్రాలను తెలుగు లిపిలో ముద్రించి ఊరూరికీ చేర్చాయి. తమిళదేశంలోనూ ఈ సంప్రదాయం కనిపిస్తుంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ముత్తుస్వామి దీక్షితుల సంస్కృత కృతులు తెలుగు లిపిలోనే అచ్చయ్యాయి.

దీనికి అనుగుణంగా తెలుగు వర్ణమాల కూడా రెండు భాషలను మోయడానికి సిద్ధపడింది. చిన్నయ సూరి ‘బాలవ్యాకరణం’ (1858) సంస్కృతానికి 50 వర్ణాలనూ, ప్రాకృతానికి 40 వర్ణాలనూ, తెలుగుకు 36 వర్ణాలనూ లెక్కించింది. ఆ 36లో దంత్య చకార జకారాలున్నాయి, అరసున్న ఉంది; ఖ, ఘ, ఛ వంటి ఒత్తక్షరాలు లేవు. బడిలో పిల్లవాడు దిద్దేది మాత్రం ఈ 36 మాత్రమే కాదు. ఓనమాలు పూర్తిచేసేసరికే అతడు సంస్కృతం చదవడానికి కావలసిన అక్షరాలన్నీ నేర్చేస్తాడు. సంస్కృతం మలి భాషే అయినా దాని లిపి అతనికి తొలి లిపే. పై మూడు నమ్మకాలలో ఏ ఒక్కటీ ఇక్కడ దెబ్బతినదు. ఋకారాన్ని ఉత్తరాదివారు ‘రి’ అన్నట్టుగా, తెలుగువారు ‘రు’ అన్నట్టుగా పలకడం వంటి చిన్న తేడాలు తప్ప, తెలుగు చదవగలిగినవాడు సంస్కృత శ్లోకాన్ని అక్షరం పొల్లుపోకుండా చదవగలడు.

చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. పలకడం ఇంత సులభమైనచోట, గ్రహించలేదన్న సంగతి పాఠకుడికీ వినేవారికీ కూడా తెలియకుండా ఉండిపోతుంది. దీన్ని నమోదుచేసిన పత్రం ఒకటి మనకు లభ్యమవుతోంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల స్థితిగతులపై విచారణకు ఆదేశించాడు. అందుకు బదులుగా బళ్లారి జిల్లా కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక విద్యాచరిత్రకారులకు సుపరిచితం. ఆయన 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు కూడా. జిల్లాలోని 533 పాఠశాలలను గురించి రాస్తూ, బడుల్లో చదివించే పద్యగ్రంథాల భాష వాడుక భాషకు దూరమైనదని, రెండింటి వర్ణమాల ఒకటే కనుక ఒకదాన్ని చదవగలవాడు రెండోదాన్నీ చదవగలడు గాని అర్థం చేసుకోలేడని ఆయన గమనించాడు. క్యాంప్‌బెల్ మాట్లాడినది తెలుగు, కన్నడ పద్యభాషల గురించి. అర్థం తెలియకుండా అమరం వల్లించిన వీధిబడి పిల్లలకు ఆ పరిశీలన మరింత చక్కగా అన్వయిస్తుంది. ఆయన ఈ లోపాన్ని ఉపాధ్యాయుల పరిమితిగా చూశాడు. మనం దాన్ని లిపి కల్పించిన స్థితిగా కూడా చూడవచ్చు. లిపి తలుపు తెరిచి ఉంచినచోట భాష తెలియదన్న గడియ కంటికి ఆనదు.

ఆ లోటును తీర్చడానికి సంప్రదాయం తగిన ఏర్పాట్లు చేసుకుంది. పదచ్ఛేదం, ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం అన్నవి ఆ ఏర్పాట్లు. తాళపత్రాలలో పదాల మధ్య ఎడం లేకుండా రాయడం వల్ల పదచ్ఛేదం ఎటూ అవసరమే. తెలుగు లిపిలో అచ్చయిన సంస్కృత కావ్యాలు టీకాతాత్పర్యాలతో వెలువడటం వ్యాపార సౌకర్యం కోసం మాత్రమే జరిగింది కాదు. ధ్వనిని పూర్తిగా అందించి అర్థాన్ని అందించలేని లిపికి అది అవసరమైన అనుబంధం. టీక అనే ప్రక్రియ తెలుగులో ఇంతగా విస్తరించడాన్ని వ్యాఖ్యాన చరిత్రలో భాగంగానే కాక, పఠన చరిత్రలో భాగంగానూ అధ్యయనం చేయవలసి ఉంది.

4. హిందీ: కనిపించని అచ్చు

మద్రాసులో 1918లో గాంధీజీ ప్రోత్సాహంతో హిందీ ప్రచారం మొదలైంది. ఆయన కుమారుడు దేవదాస్ గాంధీ తొలి ఉపాధ్యాయుడు. దక్షిణ భారత హిందీ ప్రచార సభగా రూపొందిన ఆ ఉద్యమానికి మోటూరి సత్యనారాయణ వంటి తెలుగువారు సారథ్యం వహించారు. వేలాది తెలుగువారు పరీక్షలకు కూర్చుని హిందీ చదివారు. సంస్కృతజ్ఞానం ఉన్నవారికి దేవనాగరి కొత్తది కాదు; లేనివారికీ అది తమ లిపికి జ్ఞాతివంటిదే. అదే వర్ణక్రమం, అదే గుణింతం.

పైకి కనిపించే ఈ సామ్యం వెనక ఒక వ్యత్యాసం దాగి ఉంది. హిందీలో పదాంతంలోని ‘అ’కారం రాతలో ఉన్నా మాటలో లోపిస్తుంది. క, మ, ల అని మూడక్షరాలు రాసి ‘కమల్’ అంటారు. పదమధ్యంలో కూడా ఇదే జరుగుతుంది. జ, న, తా అని రాసినది ‘జన్తా’ అవుతుంది. ద, ర, వా, జా అని రాసినది ‘దర్వాజా’ అవుతుంది. ఏ అకారం నిలుస్తుందో, ఏది లోపిస్తుందో లిపి చెప్పదు. భాష తెలిసినవాడికే అది తెలుస్తుంది. తెలుగు పాఠకుడు మాత్రం తన తలకట్టును దేవనాగరిలో కూడా ఊహించుకుంటాడు. ‘కమల’, ‘జనతా’, ‘దరవాజా’ అని నిండుగా చదువుతాడు.

ఇది లిపి ప్రభావమేనా, తెలుగు అజంత భాష కావడం వల్ల కలిగినదా అన్న సందేహం సహజం. దీన్ని తేల్చడానికి ఆదాన పదాలు సాయపడతాయి. చెవి ద్వారా తెలుగులోకి వచ్చిన హలంత పదాలను గమనిస్తే, వాటి చివర సాధారణంగా చేరినది ‘ఉ’కారం: బజారు, దివాను, హుకుము, జమీను. ఇంగ్లీషు నుంచి వచ్చినవీ అంతే: కారు, రోడ్డు, బస్సు. అజంతత్వం ఒక్కటే కారణమైతే హిందీ ‘కమల్’ కూడా తెలుగువాడి నోట ‘కమలు’ కావాలి. పుస్తకం చూసి చదివేవాడి నోట అది ‘కమల’ అవుతోంది. చెవి ఇచ్చేది ఉకారం, కన్ను ఇచ్చేది అకారం. ఈ భేదం మొదటి లిపి చేస్తున్న పనిని వేరుగా పట్టిచ్చే సాక్ష్యం.

మరో విశేషం. తులసీదాసు మొదలైన పూర్వకవుల అవధీ, వ్రజభాషా పద్యాలలో ఆ అకారం మాత్రల లెక్కలోకి వస్తుంది. కాబట్టి నేటి హిందీ వచనంలో తప్పనిపించే తెలుగువాడి నిండు పఠనం ఆ ఛందస్సులకు నప్పుతుంది. ఒక పఠనాన్ని తప్పో ఒప్పో అనడానికి ముందు అది ఏ లిపి అలవాటు నుంచి వచ్చిందో, ఏ కాలపు భాషకు అన్వయిస్తుందో చూడటం అవసరమని ఈ ఉదాహరణ తెలియజేస్తుంది.

5. ఉర్దూ: తెలిస్తేనే చదవగలిగే లిపి

హైదరాబాదు సంస్థానంలో 1880లలో పారశీకం స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూ మాధ్యమంలో బోధించింది. అందుకు కావలసిన గ్రంథాలను సిద్ధపరచడానికి ప్రత్యేకంగా అనువాద సంస్థ పనిచేసింది. తెలంగాణలోని తెలుగు కుటుంబాల పిల్లలు బడిలో ఉర్దూ ద్వారానే చదువుకోవలసి వచ్చింది.

ఉర్దూ రాతలో హ్రస్వ అచ్చులను సాధారణంగా గుర్తించరు. అలిఫ్, సీన్ అనే రెండక్షరాలు పక్కపక్కన ఉంటే అది ‘ఇస్’ కావచ్చు, ‘ఉస్’ కావచ్చు. ఒకటి దగ్గరి వస్తువును, రెండోది దూరపు వస్తువును సూచిస్తుంది. ఏది చదవాలో వాక్యమే తేల్చాలి. తెలుగులో చదివితే తెలుస్తుంది. ఉర్దూలో తెలిస్తేనే చదవగలం. అచ్చు కనబడుతుందన్న నమ్మకం ఇక్కడ పూర్తిగా వీగిపోతుంది.

ఒక ధ్వనికి ఒకే అక్షరమన్న నమ్మకానికీ అదే గతి. జే, జాల్, జ్వాద్, జోయ్ అనే నాలుగక్షరాలు ఉర్దూ ఉచ్చారణలో ఒకే ధ్వనిని ఇస్తాయి. ఏ పదానికి ఏది రాయాలన్నది ఆ పదం అరబ్బీలోనో పారశీకంలోనో ఎట్లా ఉండేదన్న చరిత్రను బట్టి నిర్ణయమవుతుంది. జమీను, జరూరు, జులుం అనే మాటలు మూడు వేర్వేరు అక్షరాలతో మొదలవుతాయి. తెలుగులోకి వచ్చేసరికి మూడూ ‘జ’తోనే నిలిచాయి. తెలుగు లిపి వాటి ధ్వనిని స్వీకరించి చరిత్రను వదిలేసింది.

ఇంత వ్యత్యాసం ఉన్నా ఉర్దూను సాహిత్యస్థాయిలో చదివిన తెలుగువారి పరంపర చిన్నది కాదు. గాలిబ్ కవితలను ‘గాలిబ్ గీతాలు’గా తెలుగు చేసిన దాశరథి కృష్ణమాచార్య ఇందుకు ప్రముఖ ఉదాహరణ. ఇక్కడ ఒక విషయం గమనార్హం. తెలుగు లిపిలోని సంస్కృతం లాగా ఉర్దూను అర్థం తెలియకుండా ధారాళంగా చదవడం సాధ్యం కాదు. పదం తెలియకపోతే దానికి అచ్చులు అమరవు. కనుక ఉర్దూ బడి పిల్లవాణ్ని మొదటినుంచీ పదజ్ఞానం వైపు, వాక్యార్థం వైపు నెట్టింది. సంస్కృతాన్ని వల్లించడం ద్వారా చేరిన సమాజమే ఉర్దూను అర్థం ద్వారా చేరింది. ఈ భేదానికి గురువుల పద్ధతుల కంటే లిపుల స్వభావమే ముఖ్య హేతువని అనుకోవచ్చు.

ఈ కాలానికి మరో పార్శ్వం ఉంది. బడి భాష ఉర్దూ అయినచోట తెలుగు చదువు ఇంటికీ, గ్రంథాలయానికీ పరిమితమైంది. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వంటి సంస్థల ప్రాముఖ్యాన్ని ఈ దృష్టితో కూడా చూడాలి. మాతృభాష లిపిని బడి వెలుపల నేర్చుకోవలసిన స్థితి తెలుగువారికి కొత్త కాదు.

6. ఇంగ్లీషు: పలకని అక్షరాలు

పందొమ్మిదో శతాబ్దం నుంచి తెలుగువారు ఎక్కువగా శ్రమించినది ఇంగ్లీషు చదువు కోసమే. ఇరవయ్యారు అక్షరాలు నేర్వడం ఎంత సులభమో, వాటితో చదవడం అంత కష్టం. యూరపులోని పదమూడు లిపివ్యవస్థల్లో పిల్లల తొలి పఠనాన్ని పోల్చి సేమర్, ఆరో, ఎర్స్‌కిన్ 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇంగ్లీషు పిల్లలే మిగిలినవారికంటే నెమ్మదిగా చదువు నేర్చుకుంటున్నారు. మాతృభాషగా నేర్చుకునేవారి పరిస్థితే ఇట్లా ఉంటే, ప్రతి అక్షరమూ పలుకుతుందని నమ్మి వచ్చిన తెలుగు విద్యార్థి పరిస్థితి ఊహించవచ్చు.

అతడు తన నమ్మకాన్ని వదులుకోలేదు. ఇంగ్లీషును దానికి అనుగుణంగా సర్దుకున్నాడు. ఇందుకు జంటహల్లులు మంచి సాక్ష్యం. ఇంగ్లీషువారి నోట ‘మనీ’, ‘ఫన్నీ’ అనే మాటలు తొలి ధ్వని మినహా ఒకేలా పలుకుతాయి. రెంటిలోనూ నకారం ఒంటిదే. తెలుగువారు ఒకదాన్ని ఒంటి నకారంతో, రెండోదాన్ని ద్విత్వనకారంతో పలుకుతారు. రెండో మాట స్పెల్లింగులో ‘ఎన్’ అక్షరం రెండుసార్లు ఉండటమే కారణం. సమ్మర్, డిన్నర్ వంటి మాటలూ ఇదే మార్గంలో ద్విత్వం పొందాయి. తెలుగు చెవికి ఒంటి హల్లు వినబడదనడానికి వీల్లేదు. మనీ, సిటీ అన్న మాటలను ద్విత్వం లేకుండానే పలుకుతున్నాం. ద్విత్వం కంటి నుంచి వచ్చింది. ‘హెచ్’ అక్షరం విషయంలోనూ అంతే. ‘టి’ పక్కన ‘హెచ్’ కనబడితే థకారం, ‘జి’ పక్కన కనబడితే ఘకారం మనవారికి స్ఫురిస్తాయి. సంస్కృత పదాలను రోమన్ లిపిలో రాసే అలవాటు ఈ స్ఫురణను బలపరిచింది. వర్ణమాలలో ఒత్తక్షరాలు నేర్చిన పాఠకుడికే ఈ స్ఫురణ కలుగుతుంది. ఇందులో కొన్ని లక్షణాలు భారతీయులందరి ఇంగ్లీషులోనూ ఉన్నాయి. వారి లిపులూ ఇదే కుదురుకు చెందినవని మరవరాదు.

నమ్మకం చెల్లనిచోట స్పెల్లింగును బట్టీపట్టడం మార్గమైంది. అక్షరాల పేర్లు వరసగా చెప్పి, ఆపైన పదాన్ని పలికే పద్ధతి గుణింతపు వల్లెకు సోదరి వంటిది. అర్థం తెలియకపోయినా పలికితే చదువుగా చెల్లుబాటయ్యే స్థితి కూడా సంస్కృతం నుంచి ఇంగ్లీషుకు బదిలీ అయింది. గురజాడ ‘కన్యాశుల్కం’లో వెంకటేశం తల్లి ముచ్చట తీర్చడానికి గిరీశం, వెంకటేశం ఒకదానికొకటి పొసగని ఇంగ్లీషు పాదాలనూ వాక్యాలనూ సంభాషణలా వల్లిస్తారు. ఆ ఘట్టాన్ని కొత్త చదువు మీద వ్యంగ్యంగా మనం ఆస్వాదిస్తున్నాం. క్యాంప్‌బెల్ నివేదికతో కలిపి చదివితే, ఆ వ్యంగ్యం మరింత పాత అలవాటును తాకుతుంది. పలికినదంతా చదువేనని ఇంటివారు నమ్మడానికి ఇంగ్లీషు కొత్తగా నేర్పినదేమీ లేదు.

7. ఎదురు దిశ: తమిళ లిపిలో తెలుగు

పై పరిశీలనలన్నీ తెలుగు పాఠకులకు చెందినవి కాబట్టి, ఇవి తెలుగువారి నైజమని ఎవరైనా అనవచ్చు. తెలుగే మలి భాష అయినచోట ఏం జరిగిందో చూస్తే ఆ సందేహం తీరుతుంది. త్యాగరాజు (1767–1847) కావేరీ తీరాన తిరువయ్యారులో జీవించి తెలుగులో కీర్తనలు రచించాడు. వాటిని గానం చేసినవారిలో చాలామందికి మాతృభాష తమిళం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ ధ్వనులన్నింటికీ ఒకే అక్షరం. పదాదిలో ఉంటే కకారంగా, అచ్చుల నడుమ సరళంగా పలకడం తమిళంలో స్థానాన్ని బట్టి తేలిపోతుంది కనుక తమిళానికి ఆ అక్షరం చాలు. తెలుగు, సంస్కృత పదాలకు చాలదు. గకారంతో మొదలయ్యే తెలుగు మాట తమిళ పాఠకుడి నోట కకారాదిగా మారే అవకాశం ఉంది. ఇక్కడ కూడా అతడు తన లిపి నియమాన్ని శ్రద్ధగానే పాటిస్తున్నాడు.

దీనికి తమిళనాట ముద్రాపకులు చక్కని ఉపాయం కనిపెట్టారు. కీర్తనల, స్తోత్రాల పుస్తకాలలో తమిళాక్షరం పక్కన 2, 3, 4 అంకెలను చిన్నగా ముద్రించి వర్గంలోని రెండు, మూడు, నాలుగో వర్ణాలను సూచించారు. పాఠకుని తొలి లిపిని కాదనకుండా, అది ఎక్కడ చాలదో అక్కడ మాత్రమే ఒక గుర్తు చేర్చడం ఈ పద్ధతి విశిష్టత. తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళ లిపి మాత్రమే నేర్చినవారి స్థితి ఇంకా విలక్షణం. వారికి తొలి భాష తెలుగు, తొలి లిపి తమిళం. తొలి భాష, తొలి లిపి ఒకటే కానక్కరలేదని వారి అనుభవం గుర్తుచేస్తుంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. ఒకటి, మలి భాషా పఠనంలోని దోషాలను చెవి దోషాలుగా, కంటి దోషాలుగా విడదీయవచ్చు. ‘కమలు’ కాకుండా ‘కమల’ కావడం, ‘మనీ’కి లేని ద్విత్వం ‘ఫన్నీ’కి రావడం అందుకు గీటురాళ్లు. రెండు, లిపి దగ్గరైన కొద్దీ పఠనం సులభమవుతుంది గాని గ్రహణం సులభం కాదు. సంస్కృతం, ఉర్దూ ఈ విషయంలో రెండు కొసల్లో నిలుస్తాయి. మూడు, లిపి ఎక్కడ చాలలేదో అక్కడ సమాజం ఒక ఉపకరణాన్ని సృష్టించుకుంది. టీక, స్పెల్లింగు వల్లె, తమిళ ముద్రణలోని అంకెలు అటువంటివే.

ఈ చర్చకు నేటి ప్రయోజనం ఉంది. తెలంగాణలో 2018 చట్టం బడుల్లో తెలుగును తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చే ఉత్తర్వులు 2019లో వెలువడి, 2020లో హైకోర్టు తీర్పుతో రద్దయ్యాయి. ఈ వాదోపవాదాలన్నీ మాధ్యమం చుట్టూ తిరిగాయి. తొలి లిపి ఏది అన్న ప్రశ్న విడిగా రాలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ముందుగా రోమన్ అక్షరాలు దిద్ది, తెలుగు లిపిని తరవాత నేర్చుకునే పిల్లలు నేడు పట్టణాలలోనే కాదు, పల్లెల్లోనూ ఉన్నారు. వారికి తెలుగు తొలి భాషే, కాని తెలుగు లిపి మలి లిపి. నిజాం కాలపు ఉర్దూ బడి పిల్లలు, తమిళనాడులోని తెలుగు కుటుంబాలు ఎదుర్కొన్న స్థితి ఇప్పుడు తెలుగునేల మీదనే విస్తరిస్తోంది.

అటువంటి పిల్లవాడు వత్తు దగ్గర ఆగినా, దీర్ఘాన్ని హ్రస్వంగా చదివినా దాన్ని అశ్రద్ధగానో భాషాభిమాన లోపంగానో లెక్కించడం సరికాదు. హల్లూ అచ్చూ పక్కపక్కన నిలుస్తాయని, అచ్చు నిడివిని అక్షరం ఖచ్చితంగా చెప్పదని అతని తొలి లిపి అతనికి నేర్పింది. ఆ తేడాను అతనికి విడమరిచి చెప్పే వాచకం కావాలి. రోమన్ అక్షరాలు ముందుగా తెలిసిన తెలుగు పిల్లలను దృష్టిలో పెట్టుకొని గుణింతాన్ని, వత్తులను బోధించే పాఠాలను తెలుగు శాఖలు, ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు కలిసి రూపొందించవలసిన సమయమిది. తమిళ ముద్రాపకులు అంకె చేర్చి చేసిన పనిని మన పిల్లల కోసం మనం ఇంకా మొదలుపెట్టవలసి ఉంది.